వర్మకు కావాల్సింది మిక్సింగ్‌లో ఇంకో నెల

సంపాదకులకు నమస్కారం.

రామ్‌గోపాల్ వర్మ మళ్లీ పాత వర్మ కావాలన్న కోరిక బెజవాడలో ఈనాటిది కాదు. 2025 నవంబరు 14న ‘శివ’ను 4కె ప్రింటుతో, హాలు చుట్టూ, పైనా స్పీకర్లుండే డాల్బీ అట్మాస్ సౌండుతో తిరిగి విడుదల చేసినప్పుడు అది ఇంకోసారి పైకి లేచింది. గాంధీనగర్ ఆఫీసుల మెట్ల మీద, ఏలూరు రోడ్డు టీ కొట్ల దగ్గర ఇప్పటికీ వినబడేది ఒకటే మాట: “గట్టి రౌడీ సినిమా ఒకటి తియ్యమనండి సార్, అంతా అదే సర్దుకుంటుంది.”

మా పేచీ ఆ మాటతోనే. రౌడీల సినిమాలు ఆయన ఎప్పుడు మానేశారు? ‘శివ’ తర్వాత ‘గాయం’, ‘సత్య’, ‘కంపెనీ’, ‘రక్తచరిత్ర’, ‘వంగవీటి’. లెక్క చూస్తే ఆయన ఎన్నడూ వదలనిది అదొక్కటే. వదిలేసింది పనితీరును. అభిమానులు దాన్ని విడమరిచి అడగడం లేదు కాబట్టి మేం రాస్తున్నాం. ప్రొజెక్షన్ రూముల్లో, రీళ్ల బాక్సుల మధ్య పనిచేసినవాళ్లం కనుక తెర వెనక సంగతులే ఎక్కువ రాస్తే క్షమించాలి.

ముందుగా శబ్దం. వర్మ తండ్రి కృష్ణంరాజు గారు అన్నపూర్ణ స్టూడియోలో సౌండ్ ఇంజినీరు. ఆ వారసత్వమో ఏమో కానీ, 1989 అక్టోబరు 5న విడుదలైన ‘శివ’లో జనానికి ముందు తగిలింది చెవులకే. మన దగ్గరికొచ్చిన ప్రింట్లు మోనోవి. రీలు పక్కన సన్నని గీతలాగా ఉండే ఆప్టికల్ ట్రాకు ఒక్కటే. మాట, సంగీతం, చప్పుడు మూడూ అందులోనే ఇరుక్కోవాలి. ఆ ట్రాకులో 8 వేల హెర్ట్జ్ దాటిన, అంటే బాగా కీచుగా ఉండే శబ్దం హాల్లోకి వచ్చేసరికి దాదాపు మిగలదు. బాగా చిన్న శబ్దం పెట్టారా, ప్రింటు మీద గీతల బరబర దాన్ని మింగేస్తుంది. బాగా పెద్దది పెట్టారా, పగులుతుంది. ఆ ఇరుకులో ఒక చప్పుడు గట్టిగా తగలాలంటే దారి ఒక్కటే, దాని ముందున్నదాన్ని తగ్గించడం. అంటే నిశ్శబ్దానికి ముందే చోటు రాసుకోవాలి. స్క్రిప్టులోనే రాసుకోవాలి, ఈ మూడూ కలిపే మిక్సింగ్ రోజున గుర్తొస్తే కుదరదు.

హీరో ఉత్త చేత్తో సైకిల్ చైను తెంపే సీనే చూడండి. గవర్నర్‌పేటలో ఏ సైకిల్ మెకానిక్‌ను అడిగినా చెబుతాడు, చైను చేత్తో లాగితే తెగదని. అరంగుళానికొక లింకు చొప్పున నూటపది పైచిలుకు లింకులుంటాయి. ఒక్కో పిన్నూ రివిట్ చేసి బిగించిందే. ఊడదియ్యాలంటే పిన్ను మీద పంచ్ పెట్టి సుత్తితో కొట్టాలి, లేదా చైన్ కట్టర్ తిప్పాలి. ఉత్త చేత్తో లాగితే మహా అయితే పళ్ల చక్రం మీంచి జారి చేతికి గ్రీజు అంటుతుంది. ఇది 1989లో హాల్లో కూర్చున్నవాళ్లకి తెలియని విషయమా? వాళ్లలో చాలామంది సైకిల్ మీద వచ్చినవాళ్లే, స్టాండు టోకెను చొక్కా జేబులో ఉంది. అయినా నమ్మారు. ఎందుకంటే ఆ తెగడం వాళ్లకి ముందు చెవికి వినబడింది, తర్వాత కంటికి కనబడింది. ఇనుము తెగిన చప్పుడు సరిగ్గా ఉంటే బుద్ధి అడిగే ప్రశ్నలు వెనకపడతాయి. ఈనాడు అదే సీను తీస్తే చైను మీద చెయ్యి పడకముందే డ్రమ్ములు మొదలవుతాయి, చైను తెగిన సంగతి ఆ హోరులో కొట్టుకుపోతుంది. వర్మ ఇటీవలి సినిమాల్లో మాకు కనబడే మొదటి జబ్బు ఇదే. రీరికార్డింగ్, అంటే నేపథ్య సంగీతం (మేం ఆర్.ఆర్. అంటాం), గోడ నుంచి గోడకి పరిచిన కార్పెట్‌లాగా ఉంటుంది, కాలు పెట్టడానికి ఖాళీ నేల ఉండదు. ఇళయరాజా ‘శివ’కు ఇచ్చిన ఆర్.ఆర్. ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో ఒకసారి వాచీ పెట్టుకుని చూడండి. మాకైతే ఆగిన చోట్లే ఎక్కువ గుర్తున్నాయి.

ఇందులో థియేటర్ల తప్పు కూడా ఉంది, అది దాచిపెట్టి వర్మను ఒక్కరినే అనడం న్యాయం కాదు. డాల్బీ ప్రాసెసర్ మీద ఫేడర్, అంటే శబ్దం పెంచి తగ్గించే మీట, 7 దగ్గర ఉంటే, మిక్సింగ్ రూంలో డైరెక్టర్ విన్నదే హాల్లో వినబడాలి. ఆ లెక్కన ఒక్కో తెర స్పీకరుని 85 డెసిబెల్స్‌కి సరిచేస్తారు. మన ఊళ్లో చాలా హాళ్లలో అది 5 దగ్గరో, అంతకన్నా కిందో ఉంటుంది. యాడ్లూ ట్రైలర్లూ చెవులు చిల్లులు పడేలా వస్తాయి, చంటిపిల్లలతో వచ్చినవాళ్లు గొడవ చేస్తారు, ఆపరేటర్ తగ్గిస్తాడు, సినిమా మొదలయ్యాక మళ్లీ పెంచడం మర్చిపోతాడు. 7 నుంచి 5కి దించితే ఆరేడు డెసిబెల్స్ పోతాయి. పెద్ద శబ్దాలకు దానివల్ల వచ్చే నష్టమేమీ లేదు. పోయేదల్లా మెట్ల మీద అడుగు చప్పుడు, పక్క గదిలో కుళాయి చుక్క, ఊపిరి. అవి ఏసీ రొదలో కలిసిపోతాయి. ‘రాత్రి’ అయినా ‘భూత్’ అయినా భయం నిలబడింది ఆ చుక్క మీదే కదా! ఇది చూసి మిక్సింగ్ చేసేవాళ్లు “ఎలాగూ తగ్గిస్తారు” అని ముందే పెంచి ఇస్తున్నారు, పెరిగింది చూసి మేనేజర్లు ఇంకా తగ్గిస్తున్నారు. ఈ పోటీలో నిశ్శబ్దం మీద బతికే దర్శకుడే అందరికన్నా ముందు ఓడిపోతాడు.

అట్మాస్ గురించి ఒక ముక్క. పాత మోనో ట్రాకును ఏఐ సాయంతో విడదీసి అట్మాస్‌కు మార్చారు. కలిసిపోయిన మాటనీ సంగీతాన్నీ విడదీయడం అంటే కలిపిన ఆవకాయ లోంచి ఆవపిండినీ నూనెనీ వేరు చెయ్యడంలాంటిది. ఇలాంటి పనిలో తేడా వస్తే ‘స’, ‘ష’ అక్షరాలు నీళ్లలోంచి వచ్చినట్టుంటాయి, వయొలిన్ల చివర్లు నలిగిపోతాయి. అంత శ్రమ పడి చేసినందుకు సంతోషమే. కానీ ఆ సినిమా బలం స్పీకర్ల సంఖ్యలో ఉందనుకుంటే మాత్రం పొరపాటు. ఒక్క స్పీకరుతోనే అది ఆడింది.

ఇక కెమెరా. ‘శివ’తో తెలుగు ప్రేక్షకుడికి స్టెడీక్యామ్ అనే మాట పరిచయమైంది. ఛాయాగ్రాహకులు ఎస్. గోపాలరెడ్డి. నడుస్తూ తీసినా బొమ్మ కుదపకుండా ఉంచే పరికరం అది: నడుముకీ భుజాలకీ బిగించే కోటు, దానికి స్ప్రింగులున్న చెయ్యి, ఆ చెయ్యి చివర ఒక నిలువు గొట్టం. గొట్టం పైన కెమెరా, కింద బ్యాటరీ, చిన్న మానిటర్. 35 ఎంఎం కెమెరాతో కలిపి పాతిక ముప్ఫై కిలోలు మనిషి మీద పడుతుంది. తూకం సరిపోయిందో లేదో చూడటానికి గొట్టాన్ని అడ్డంగా పట్టుకుని వదులుతారు, రెండు మూడు సెకన్లలో అది నిలువుకి రావాలి. ఒక్క సెకనులోనే వచ్చేసిందంటే కింద బరువెక్కువ, ఆపరేటర్ ఆగినా ఫ్రేమ్ గడియారం లోలకంలా ఊగుతుంది. మరీ నెమ్మదిగా వస్తే చిటికెనవేలు తగిలినా వాలిపోతుంది. పైగా నెగెటివ్ ముందు చక్రం నుంచి వెనక చక్రానికి చుట్టుకునేకొద్దీ బరువు జరిగిపోయే మ్యాగజైన్లు (కెమెరాకు తగిలించే ఫిల్ము డబ్బాలు) ఉండేవి, షాటు మొదట్లో ఉన్న తూకం చివర్లో ఉండదు. 400 అడుగుల మ్యాగజైన్ నాలుగున్నర నిమిషాల్లోపే అయిపోతుంది, నిమిషానికి 90 అడుగుల చొప్పున.

ఇన్ని ఇబ్బందులున్నాయి కాబట్టే రిహార్సల్ జరిగేది. ఎవడు ఏ గుమ్మం దగ్గర ఎదురుపడాలి, ఫోకస్ పుల్లర్ (బొమ్మ మసకబారకుండా లెన్సు తిప్పే అసిస్టెంటు) ఎక్కడ ఎన్ని అడుగులకు తిప్పాలి, లైటు వెనక నీడ పడకుండా అసిస్టెంట్లు ఎటు దాక్కోవాలి, అన్నీ చాక్‌పీసుతో నేల మీద గీసుకున్నాకే మోటారు నడిచేది. డబ్బు ఖర్చయిపోతుందన్న భయం కొన్నిసార్లు మంచి గురువు. అంత కష్టపడి కెమెరాను నడిపిస్తున్నాం కదా అని, ఎందుకు నడుస్తోందో కూడా ముందే తేల్చుకునేవాళ్లు.

2011లో ‘దొంగల ముఠా’ వచ్చింది. కెనాన్ 5డి స్టిల్ కెమెరాలతో, గుప్పెడు మంది టెక్నీషియన్లతో, 5 రోజుల్లో తీశారు. అప్పట్లో మాలో చాలామందికి అది నచ్చింది, అదీ చెప్పాలి. పెద్ద నిర్మాత దగ్గర చేతులు కట్టుకోకుండా సినిమా తియ్యొచ్చని చూపించడం చిన్న సంగతి కాదు. కానీ ప్రయోగం అలవాటుగా మారింది. దాంతో ఏమేం పోయాయో కొంచెం దగ్గరగా చూద్దాం.

ఒకేసారి నాలుగైదు కెమెరాలు తిరుగుతున్నప్పుడు లైటు ఎవరికని పెడతారు? ఒక కోణానికి పక్క నుంచి వచ్చే వెలుగు ఇంకో కోణానికి ముఖం మీద కొట్టిన టార్చిలైటు అవుతుంది. అందుకని అంతటా సమానంగా వెలుగు పరుస్తారు. నీడ పోతుంది. ‘క్షణ క్షణం’లో అడవి రాత్రి ఎంత చిక్కగా ఉందో తల్చుకోండి, అదీ గోపాలరెడ్డి పనే. ఇంకొకటి, కెమెరాలు ఒకదానికొకటి కనబడకూడదు కాబట్టి ముఖాల దగ్గరికి దూరిపోతాయి. వైడ్ లెన్సుతో అంత దగ్గర్నుంచి తీస్తే ముక్కు ముందుకొస్తుంది, చెవులు వెనక్కిపోతాయి, హీరోకీ విలన్‌కీ ఒకే వికారం. 5డి సెన్సరు (ఫిల్ము బదులు బొమ్మను పట్టే చిప్పు) పెద్దది. 50 ఎంఎం లెన్సు అపర్చర్‌ను (వెలుగు వచ్చే కన్నాన్ని) 2.8 దగ్గర పెట్టి ఐదడుగుల దూరంలో మనిషిని తీస్తే ఫోకస్‌లో ఉండేది అరడుగు మేర మాత్రమే. నటుడు కుర్చీలో కాస్త వెనక్కి వాలితే కళ్లు మసకబారతాయి. ఫోకస్ పుల్లరే లేకపోతే ఆ మసకను ‘స్టైల్’ అనుకోవాలి. ఆ తరం సెన్సర్లు ఫ్రేమును పైనుంచి కిందికి వరసగా చదువుతాయి కాబట్టి కెమెరాను చటుక్కున పక్కకి తిప్పితే తలుపులూ కరెంటు స్తంభాలూ వంగిపోతాయి. పొడుగు కర్రకు కట్టే బూమ్ మైకు లోపలికి రావడానికి సందు ఉండదు, కాబట్టి డబ్బింగే గతి. హడావుడి డబ్బింగులో ఆ గది తాలూకు గాలి, ఫ్యాను చప్పుడు, వీధి రొద ఉండవు. గోడలు లేని చోట మాట్లాడుతున్నట్టుంటుంది.

లెక్క కూడా చూడండి. గంటన్నర సినిమా అనుకున్నా 5 రోజుల్లో అంటే రోజుకి 18 నిమిషాల నిడివి తియ్యాలి. మామూలు షూటింగులో రోజుకి రెండు మూడు నిమిషాలు వస్తే యూనిట్ సంతోషంగా ఇంటికెళ్తుంది. 2014లో ‘ఐస్‌క్రీమ్’ నాటికి ఫ్లోక్యామ్ అన్నారు. కెమెరా అదేపనిగా తేలుతూనే ఉంటుంది, ఎవరి కళ్లతో చూస్తోందో తెలియదు. ‘శివ’లో కెమెరా ఎవరి వెనక వెళితే వాళ్లకి ఏదో కాబోతోందని గుండె చెప్పేది. 2020 లాక్‌డౌన్‌లో సెల్‌ఫోన్ తెర కోసం వచ్చిన పొట్టి సినిమాల గురించి చెప్పడానికి మా దగ్గర ఏమీ లేదు.

వర్మ సివిల్ ఇంజినీరు. మన కానూరు సిద్ధార్థలోనే చదివారు, ఆ తర్వాత హైదరాబాద్‌లో హోటల్ కడుతున్న చోట సైటు ఇంజినీరుగా కూడా చేశారు. స్లాబు పోసి సెంట్రింగు ఎప్పుడు విప్పాలో ఆయనకి మేం చెప్పక్కర్లేదు. పొడవును బట్టి ఏడు రోజులో పద్నాలుగు రోజులో ఆగాలి, కాంక్రీటు పూర్తి బలం చూడ్డానికి 28 రోజులు. నీళ్లు కట్టకుండా మూడోనాడే కర్రలు లాగేస్తే ఏ మేస్త్రీ ఒప్పుకుంటాడు?

మేస్త్రీ అంటే గుర్తొచ్చింది, ఒప్పుకోనివాళ్లు చుట్టూ ఉండటమే ఆ రోజుల అసలు బలం. ‘శివ’ మాటలు తనికెళ్ల భరణివి, నానాజీగా నటించిందీ ఆయనే. ఆ రౌడీలు మాట్లాడే తీరు పుస్తకంలోది కాదు, బస్టాండు పక్కది. శివనాగేశ్వరరావు, కృష్ణవంశీ, తేజ, పూరి జగన్నాథ్ ఆ గూటిలోంచే వచ్చారు. 1998లో ‘సత్య’ చూస్తే రాసింది సౌరభ్ శుక్లా, అనురాగ్ కశ్యప్, కెమెరా దగ్గర అమెరికా నుంచి వచ్చిన జెరార్డ్ హూపర్, మన మజహర్ కమ్రాన్, నేపథ్య సంగీతం సందీప్ చౌతా, సౌండు హెచ్. శ్రీధర్. చౌతాకీ శ్రీధర్‌కీ ఫిల్మ్‌ఫేర్ అవార్డులొచ్చింది ఆ సినిమాకే, ఎడిటింగుకి కూడా వచ్చింది. ఇంతమంది గట్టివాళ్లు ఒక బల్ల చుట్టూ కూర్చుంటే ఎవరో ఒకరు “ఇది బాగోలేదు” అంటారు. ఇప్పటి సినిమాల టైటిల్స్‌లో ఆ మాట అనగలిగిన పేరు ఏదో మాకు కనబడటం లేదు. పొగిడేవాళ్ల మధ్య కూర్చున్న ఏ దర్శకుడికైనా ఇదే గతి, వర్మ ఒక్కరికే కాదు.

బెజవాడ సంగతి వేరుగా చెప్పాలి. కాలేజీ రోజుల్లో ఇక్కడ చూసిన గొడవలే ‘శివ’కు ముడిసరుకని ఆయనే చాలాసార్లు అన్నారు. కథ చట్రం మాత్రం బ్రూస్‌లీ సినిమా నుంచి తీసుకున్నానని, అక్కడి హోటల్‌ని కాలేజీగా మార్చానని అదీ దాచలేదు. తీసింది హైదరాబాద్‌లో. అయినా ఇక్కడి జనం ఆ కాలేజీ గేటునీ, క్యాంటీన్ బెంచీనీ చూసి “ఇది మన ఊరే” అన్నారు. 2016 డిసెంబరులో ‘వంగవీటి’ వచ్చింది. ఊరి పేరుంది, మనుషుల పేర్లున్నాయి, వెనకనుంచి వ్యాఖ్యానం కూడా ఉంది. ఊరు మాత్రం లేదు. కాలవ గట్టు మీద మధ్యాహ్నం ఎండ, బందరు రోడ్డు మీద సిటీ బస్సు ఆగినప్పుడు వచ్చే కేకలు, గొడవ జరగబోతోందంటే చకచకా పడే షట్టర్లు, ఇవేవీ వినబడవు. చరిత్ర తప్పా ఒప్పా అన్న వాదం మాది కాదు, దానికి వేరేవాళ్లున్నారు. మా ఫిర్యాదు ఆ షట్టర్ల గురించే.

2025 జనవరిలో ‘సత్య’ తిరిగి విడుదలైనప్పుడు వర్మ తానే ఒక పెద్ద లేఖ రాసుకున్నారు. ఇన్నేళ్ల తర్వాత ఆ సినిమా చూసి ఏడ్చానని, విజయం తలకెక్కి దారి తప్పానని, ఇకపై తీసే ప్రతి సినిమానూ మొదట్లో ఉన్న గౌరవంతోనే తీస్తానని ఒట్టు పెట్టుకున్నారు. ఆ వెంటనే ‘సిండికేట్’ అనే కొత్త సినిమా ప్రకటించారు. మనోజ్ బాజ్‌పాయ్‌తో ‘పోలీస్ స్టేషన్ మే భూత్’ సంగతీ తెలిసిందే. ఆయన మాట నమ్మడానికి మాకేం అభ్యంతరం లేదు. తప్పు ఒప్పుకోవడం సినిమావాళ్లలో అరుదు. కానీ ఒట్టు కన్నా కాల్షీటు ముఖ్యం. ‘సిండికేట్’కి రచయిత ఎవరు? సౌండ్ డిజైనర్‌ను షూటింగుకి ముందే పెట్టుకున్నారా, ఎడిటింగ్ అయ్యాక పిలుస్తారా? ఎఫెక్ట్స్‌కీ ఫోలీకీ (అడుగులు, తలుపుల్లాంటి చప్పుళ్లు స్టూడియోలో చేసి పట్టే పనికి) కలిపి ఎన్ని రోజులు, ఫైనల్ మిక్సింగుకి ఎన్ని? ఆర్.ఆర్. లేకుండా ఒకసారి సినిమా మొత్తం వేసుకుని చూస్తారా? అలా చూసి నిలబడిన సీనుకే సంగీతం పెట్టాలి, నిలబడని సీనుని కత్తిరించాలి. అభిమానులు ఆయన్ని అడగాల్సిన ప్రశ్నలు ఇవి. “గన్నులెన్ని” అని కాదు.

మీకూ ఒక మనవి. ఆయన ఒక పోస్టరు వదలగానే, ఒక ట్వీటు కొట్టగానే సినిమా పేజీలో మూడు కాలమ్‌ల వార్త పడుతోంది. పోస్టరుకి ఖర్చు లేదు, అందుకే వారానికొకటి వస్తోంది. దయచేసి అది ఆపండి. ఆయన కెమెరామన్ పేరు చెప్పిన రోజున, మిక్సింగ్ మొదలుపెట్టిన రోజున వెయ్యండి, కావాలంటే ఆరు కాలమ్‌లు వెయ్యండి.

ఇక మన విజయవాడ, గుంటూరు థియేటర్ల యజమానులకు: వర్మ కొత్త సినిమా వచ్చిన మొదటి రోజు ఉదయం ఆటకి ముందు ఆపరేటర్‌ని హాలు మధ్యలో, వెనక నుంచి మూడో వంతులో కూర్చోబెట్టి ఒక రీలంత వినమనండి. యాడ్లకి 4, సినిమాకి 7 అని కాగితం మీద రాసి ప్రాసెసర్ పక్కన అంటించండి. ఏసీ బ్లోయర్ బెల్టు కీచుమంటుంటే ఆ వారంలోనే మార్పించండి, మూడొందలో నాలుగొందలో అవుతుంది.

ఇట్లు,
కొందరు పాత ఆపరేటర్లు, డిస్ట్రిబ్యూషన్ ఆఫీసు ఉద్యోగులు,
గాంధీనగర్, విజయవాడ - 3